మేస్త్రి నాకిచ్చిన యాభై అయిదు నిమిషాలు

“పాపా, మేస్త్రి పోయినాడు,” అన్నాడు మా నాయిన ఫోన్‌లో. పొద్దున ఏడు గంటల వేళ. నేను బెంగళూరులో కంపెనీ బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడి ఉన్నాను. “ఏ మేస్త్రి?” అని అడిగాను. మా ఇంట్లో మేస్త్రి అంటే ఒకే ఒక మనిషి. తెలిసీ అడిగాను. నాయిన ఫోన్ పెట్టేశాడు. కంపెనీ బస్సు వచ్చి, ఎక్కేవాళ్లను ఎక్కించుకుని వెళ్లిపోయింది. నేను రోడ్డు దాటి బాగేపల్లి బస్సెక్కాను.

ఆయన పోయి నెల కావస్తోంది. మా మేస్త్రి గురించి నేను ఇదివరకే చాలాచోట్ల మాట్లాడాను. చిక్కబళ్లాపురంలో చిన్న పరిశ్రమల వాళ్ల సమావేశంలో మాట్లాడాను, చింతామణిలో మాట్లాడాను, నా ఉద్యోగపు ఇంటర్వ్యూలో కూడా మాట్లాడాను. ప్రతిచోటా చప్పట్లు కొట్టారు. నేను చెప్పినదాంట్లో ఒక అబద్ధం ఉంది. తెలియక చెప్పాను, నిజమే. కానీ ఆ అబద్ధం బరువు మోసింది నేను కాదు, ఆయన. అది నలుగురికీ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా నాయినకు బాగేపల్లిలో ఊరి చివర ఒక రేకుల షెడ్డు ఉంది. వేరుశనగ కాయలు వలిచే మిషన్లు తయారుచేస్తారు. చేత్తో పిడి పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే కాయ పగిలి, గింజా పొట్టూ కింద పడే మిషను. చాకవేలు, పాతపాళ్య రైతులు ఎడ్లబండి మీద వేసుకుని పోయేవారు, నా చిన్నప్పుడు. రేకు కోసేది ఒకరు, వంచేది ఒకరు, లేత్ మీద ఇరుసు తిప్పేది ఒకరు. అన్నిటినీ ఒకచోట కూర్చి మిషనుగా నిలబెట్టేది మేస్త్రి. పరగోడు నుంచి సైకిల్ మీద వచ్చేవారు. వానొచ్చినా, ఎండొచ్చినా, వాళ్లింట్లో పెళ్లి జరిగినా వచ్చేవారు. రజా పెట్టడం, అంటే సెలవు తీసుకోవడం, ఆయనకు చేతకాని పని.

ఆ మిషనులో ప్రాణమంతా అడుగున ఉండే కడ్డీల జల్లెడలో ఉంటుంది. జల్లెడకూ పైన ఊగే పలకకూ మధ్య సందు ఎక్కువైతే కాయ పగలదు, తక్కువైతే గింజ చిట్లిపోతుంది. మేస్త్రి ఆ సందును కొలబద్దతో చూడగా నేనెప్పుడూ చూడలేదు. బిగించాక పది కాయలు వేసి, చెవి దగ్గరగా పెట్టి, మెల్లగా ఊపేవారు. కింద పడిన గింజలను అరచేతిలో పోసుకుని ఒక్కొక్కటే చూసేవారు. ఒక్కటి చిట్లినా మళ్లీ అన్నీ విప్పేవారు.

“గింజ ఏడవకూడదు పాపా,” అనేవారు. “రైతు ఆరు నెల్లు మబ్బు దిక్కు సూసి పండించినాడు. మనం ఒక్క ఊపుతో పగలగొడితే ఎట్ల?”

బాగున్న గింజలన్నీ నాకు పెట్టేవారు. చిట్లినవి తాను తినేవారు. నా బాల్యమంతా ఆ షెడ్డులో పచ్చి వేరుశనగ గింజలు నములుతూ, గ్రీజు వాసన పీలుస్తూ గడిచింది.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతానన్నప్పుడు మా నాయిన ఒప్పుకోలేదు. ఆడపిల్లకు ఇనుముతో ఏం పని, బీకాం చదివి కొట్టు లెక్కలు చూసుకో అన్నాడు. ఇద్దరం కోపిష్టులమే, రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు మేస్త్రి పని ఆపి, చేతులు తుడుచుకుని, ఆఫీసు గదిలోకి వచ్చారు. ఆయన ఆ గదిలోకి అడుగు పెట్టడమే అరుదు.

“అప్పా, పాపని చదివియ్యి. ఇనుము ఆడా మగా అని సూడదు, చెయ్యి సూస్తాది. ఆ యమ్మ చెయ్యి నాకు తెలుసు. తప్పు జరిగితే నన్నడుగు.”

“నిన్నడిగితే ఏమిస్తావురా?” అన్నాడు నాయిన.

“నా దగ్గర ఏముండాదప్పా? పని ఉండాది. పని చేసిస్తా.”

అప్పుడు అందరం నవ్వాం. నేను చిక్కబళ్లాపురంలో కాలేజీలో చేరాను.

రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్లయి ఉంటుంది, నాది చివరి ఏడాది. ప్రాజెక్టు కోసం మా షెడ్డునే తీసుకున్నాను. ‘లీన్’ అనే పద్ధతి అప్పుడు మాకు కొత్త. చెప్పాలంటే చాలా మామూలు సంగతి. వృథా నడకలు, వృథా ఎదురుచూపులు, వృథాగా పేరుకున్న సరుకు తీసేస్తే, అదే మనుషులు అదే మిషన్లతో ఎక్కువ పని చేయగలరు. దాంతో పాటు సిమ్యులేషన్. అంటే షెడ్డును కంప్యూటర్లో బొమ్మగా కట్టి, ఎవరికి ఏ పనికి ఎంతసేపు పడుతుందో అంకెలు వేసి, నెల రోజుల పనిని రెండు నిమిషాల్లో నడిపించి చూడటం. ఇనుప సామాను ఒక్కటి కూడా జరపకుండానే, జరిపితే ఏమవుతుందో తెలుస్తుంది. నాకు అది మంత్రంలా ఉండేది. సెలవులకు వచ్చినప్పుడు తెగ దంచేదాన్ని.

మొదట షెడ్డు శుభ్రం చేయించాను. ఏడాదిగా వాడని ప్రతి వస్తువుకూ ఎర్ర కాగితం అంటించాలి, తర్వాత వాటిని తీసెయ్యాలి. విరిగిన చక్రాలకు, తుప్పు పట్టిన రేకులకు, మోటార్ల గుల్లలకు అంటించుకుంటూ పోయాను. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే ఆఫీసు గదిలో మా నాయిన కుర్చీకి ఎర్ర కాగితం అంటించి ఉంది. నాయిన మండిపడ్డాడు. మేస్త్రి తల వంచుకుని బోల్టు బిగిస్తున్నారు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. “ఏడాదిగా దాంట్లో కూచోని పనిచేసిన మనిషిని నేను సూడలేదు పాపా, నీ రూలే కదా,” అన్నారు. నాయిన కూడా చివరికి నవ్వక తప్పలేదు.

తర్వాత టైం కొలవడం. కాలేజీ నుంచి స్టాప్‌వాచ్ తెచ్చాను. మొదటి రోజు షెడ్డులోకి వచ్చేసరికి నాకు మతిపోయింది. నేల కడిగి ఉంది. గుమ్మం ముందు ముగ్గు ఉంది. రేకు కోసే ఆయన పండక్కి కొన్న చొక్కా వేసుకొచ్చాడు. అందరూ దయ్యం పట్టినట్టు పనిచేస్తున్నారు. ఇంటికి చుట్టాలొస్తే ఉన్నది లేనిది సర్ది చూపించినట్టుంది. నాకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి.

“పాప పరీక్ష రాస్తాండాది కదప్పా. మనం నిదానం చేస్తే ఆ యమ్మకి మార్కులు పోవా?” అన్నాడు ఇరుసు తిప్పే ఆయన.

పరీక్ష నాకు గానీ మీకు కాదని, రోజూ ఎట్లా చేస్తారో అట్లాగే చేయమని గంటసేపు బతిమాలాను. మళ్లీ మూడు రోజులు కూర్చున్నాను. క్రమంగా అందరూ మామూలు వేగంలోకి వచ్చారు, బీడీలకు పోయారు, కబుర్లు చెప్పుకున్నారు. మేస్త్రి మాత్రం ప్రతి మిషనూ యాభై అయిదు నిమిషాల్లో బిగించారు. ఒక నిమిషం అటూ ఇటూ. తొందర కనిపించలేదు, చెమట పట్టలేదు, పది కాయల పరీక్ష మానలేదు. అందుకే నేను నమ్మాను.

పుస్తకంలో మొదటి పాఠమే, పని జరిగే చోటికి పోయి కళ్లారా చూడు అని. నేను చూశాను, తొమ్మిదింటి నుంచి ఐదింటి దాకా. తొమ్మిదికి ముందు ఏం జరుగుతుందో చూడలేదు.

కంప్యూటర్లో కట్టిన ఆ మోడల్ నడిపితే తేలిందేమంటే, మా షెడ్డుకు ఇబ్బంది రేకు కోతలో ఉంది. కోసే చోటూ వంచే చోటూ దూరం, మధ్యలో గుట్టలు. వాటిని పక్కపక్కకు జరిపి, గుట్టలుగా కాక ఒక్కో మిషనుకు సరిపడా మాత్రమే కోస్తూ పోతే, రోజుకు ఐదు మిషన్ల చోట ఎనిమిది వస్తాయి. ఫిట్టింగ్‌కు, అంటే మేస్త్రి చేసే బిగింపు పనికి, ఎనిమిది ఇబ్బందే కాదు. పైగా ఫిట్టర్‌కు రోజుకు నలభై నిమిషాలు ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలో పెయింటు ఆరిందో లేదో కూడా ఆయనే చూసుకోవచ్చు. ఈ చివరి వాక్యం నేనే, నా చేతులతో రిపోర్టులో రాశాను.

కాలేజీలో మంచి పేరొచ్చింది. నాయిన రిపోర్టు పట్టుకుని చింతామణి మండీలో ఒక వ్యాపారి దగ్గరికి పోయి, రోజుకు ఎనిమిది చొప్పున మిషన్లు ఇస్తానని మాట ఇచ్చి వచ్చాడు. “నా కూతురు కంప్యూటర్లో చూసింది,” అని ఊరంతా చెప్పాడు. సామాన్లు జరిపాం. మొదటి వారం నేను గోళ్లు కొరుక్కుంటూ చూశాను. రోజుకు ఎనిమిది, సరిగ్గా ఎనిమిది. నాయిన నా భుజం తట్టిన రోజు అదొక్కటే. మేస్త్రి దూరం నుంచి చూసి, దగ్గరికొచ్చి, నా అరచేతిలో నాలుగు గింజలు పోసి వెళ్లారు.

ఆ సాయంత్రం ఆయన సైకిల్ వెనక ఒక బరువైన గోతం కట్టుకుంటున్నారు. “ఏముందప్పా దాంట్లో?” అని అడిగాను.

“మీ నాయిన ఆస్తి ఎత్తకపోతాండా. చెప్పద్దు,” అన్నారు.

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వి, సైకిల్ తోసుకుంటూ రోడ్డెక్కారు. ఆ తర్వాత మూడేళ్లు ఆ గోతం ఆ సైకిల్ మీద రోజూ పోతూ వస్తూ ఉంది. దాన్ని చూడని మనిషి షెడ్డులో లేడు, దాని గురించి ఆలోచించిన మనిషీ లేడు.

నాకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఫ్యాక్టరీల్లో వృథా వెతికి తీసెయ్యడమే నా పని. సమావేశాల్లో మా షెడ్డు కథ చెప్పి, పల్లెటూరి ఫిట్టర్ ఒకాయన మూడేళ్లుగా నిమిషం తప్పకుండా చేస్తున్నాడని గొప్పగా చెప్పేదాన్ని.

మూడు నెలల కిందట మేస్త్రికి కుడి భుజం లేవడం మానేసింది. ఆయాసం కూడా మొదలైంది. మొట్టమొదటిసారి రజా పెట్టారు. నాయిన చింతామణి నుంచి ఒక ఫిట్టర్ని పిలిపించాడు. రెండో వారానికే ఫిట్టింగ్ బల్ల ముందు మిషన్లు పేరుకుపోయాయి. నాయిన గాబరాగా ఫోన్ చేశాడు. నేను స్టాప్‌వాచ్ తీసుకుని వచ్చాను. కొత్తాయనకు గంటా పదిహేను నిమిషాలు పడుతోంది. నేను చూసింది గడియారాన్నే, అతని చేతుల్ని కాదు.

ఆయన్ని కోప్పడ్డాను. ముప్పై దాటిన మనిషి, బిడ్డల తండ్రి. అందరి ముందూ కోప్పడ్డాను. “మా మేస్త్రి యాభై అయిదులో చేసేవాడు, నీ వయసుకు రెట్టింపు వయసు ఆయనది,” అన్నాను.

“అయ్యుండచ్చమ్మా. నాకు రెండే చేతులుండాయి,” అన్నాడతను.

అక్కణ్ణించి తిన్నగా పరగోడు వెళ్లాను. మేస్త్రి నులక మంచం మీద ఒరిగి ఉన్నారు. నన్ను చూసి లేవబోయారు, లేవలేకపోయారు. ఆరోగ్యం సంగతి రెండు మాటలు అడిగాననుకుంటాను. ఆ తర్వాత అడిగిందంతా పని గురించే. కొత్తాయనకు అంతసేపు ఎందుకు పడుతోంది, మీరు చేసే కిటుకేమిటి, చెప్తే అతనికి నేర్పిస్తానని అడిగాను.

చెప్పడానికి అది చివరి అవకాశమని ఆయనకు తెలుసో లేదో.

“కొత్తోడు కదా పాపా. చెయ్యి తిరగల్ల. తిట్టద్దు ఆ యప్పని,” అన్నారు. తర్వాత, “ఒక పని చెయ్యి. ఆటోలో నాకు జల్లెడ కడ్డీలు రోజూ నాలుగు కట్టలు పంపియ్యి. ఊరికే పండుకోని ఉంటే అలవాటు పోతాది. పొద్దు పోయినట్టు కూడా ఉంటాది,” అన్నారు.

నేను పంపించాను. ఒక్కో మిషనుకు ఒక్కో కట్ట, రోజుకు నాలుగు. మర్నాడు అదే ఆటో వాటిని తిరిగి షెడ్డుకు తెచ్చేది. పాపం, పని మీద ఎంత మమకారమో అనుకున్నాను. నాయినకు చెప్తే, “వాడంతే,” అన్నాడు. వారం తిరిగేసరికి కొత్తాయన చేతిలో రోజూ నాలుగు మిషన్లు త్వరగా పూర్తవుతున్నాయని నాయిన చెప్పాడు. నేను కోప్పడినందుకు దారిలో పడ్డాడనుకున్నాను. అంత తెలివైనదాన్ని నేను.

మూడు వారాల తర్వాత మేస్త్రి పోయారు. వాళ్ల చేనులోనే మట్టి చేశారు. మూడో దినం నేనూ నాయినా మళ్లీ వెళ్లాం. జనం తగ్గాక మేస్త్రి భార్య నన్ను పెరట్లోకి పిలిచింది.

పెరట్లో బండరాయికి బిగించిన పాత వైస్, ఇనుమును కదలకుండా పట్టి ఉంచేది, ఒకటి ఉంది. దాంట్లో మా జల్లెడ కడ్డీ ఒకటి, సగం వరకు గీకి ఉంది. పక్కన ఆకురాయి. పిడికి గుడ్డ చుట్టి, ఆ గుడ్డకు ఒక తాడు కట్టి ఉంది. కింద నేలంతా ఇనుప రజనుతో నల్లగా ఉంది.

“ఇంగ ఈటిని తీస్కపోమ్మా,” అంది ఆమె. “మూడు కట్టలు అయినాయి. నాలుగోది సగంలో నిలిచింది. మీకు అక్కరుంటాదని నేను కదల్చలేదు.”

నాకు అర్థం కాలేదు. కడ్డీలను ఇంటి దగ్గరెందుకు గీకారని అడిగాను.

“కోసినప్పుడు అంచుల్లో గరుకుంటాది కదమ్మా. అది గీకకపోతే గింజ చిట్లుతాదంట. పని గంటల్లో గీకతా కూచుంటే నీ టైం సరిపోదన్నాడు. ముందు నువ్వు గడియారం తెచ్చినావే, ఆ మూడు దినాలకే అనుకున్నా నేను. పాప పరీక్ష, ముందే గీకి పెట్టుకుంటే బాగుంటాదన్నాడు. తర్వాత మీ నాయిన మాటిచ్చి వచ్చినాడంట. అప్పటి నుంచి దినామూ తెల్లారి మూడుకి లేచి ఇదే కెలస, ఇదే పని. నేనన్నా, పోయి చెప్పరాదా అని. ‘చెప్తే పాప లెక్క తప్పవతాదే. నలుగుర్లో ఆ యమ్మ తల వంచుకోవల్ల. పోనీలే, ఎనిమిది కట్టలే కదా’ అనె.”

“ఈ తాడెందుకు?” అని అడిగాను.

“చెయ్యి లేస్తా ఉండలేదు కదా. ఆ తాడు పట్టుకోని నేను ఇట్ల లాగతాంటి, ఆయప్ప అట్ల తోస్తాండె.”

నాయిన మా వెనకే నిలబడి అంతా విన్నాడు. ఆ బండరాయి మీదే కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. మా నాయిన ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. నాకైతే ఏడుపు కూడా రాలేదు. ఆమె కాళ్ల మీద పడ్డాను. “లెయ్యమ్మా, లెయ్యి. నువ్వేం చేసినావు? నువ్వు సదువుకుంటివి,” అంటూ ఆమె నన్ను లేపింది. అంతకన్నా ఒక చెంపదెబ్బ కొట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

గుండె జబ్బు, వయసు అన్నాడు డాక్టరు. అయి ఉండొచ్చు. మూడేళ్ల నిద్ర, ఆ భుజం, ఆ చివరి మూడు వారాల కట్టలు, వీటికీ ఆయన చావుకూ సంబంధం లేదని ఎవరైనా నాతో చెప్తే వినాలని ఉంది. చెప్పినా నమ్మను. వృథా ఎక్కడుందో వెతకడం నా ఉద్యోగం. ఒక మనిషి రోజుకు రెండున్నర గంటలకు పైగా చీకట్లో ఇనుము గీకి నా అంకెను నిలబెడుతుంటే, నేను ఆయనకు నలభై నిమిషాలు ఖాళీ ఉందని రాశాను.

కొత్త ఫిట్టర్ని షెడ్డులో, అందరి ముందే, క్షమించమని అడిగాను. “గీకిన కడ్డీలు వస్తాంటే షెడ్డులోనే యవరో చేస్తాండారనుకుంటినమ్మా,” అన్నాడు. నాయిన చింతామణి పోయి, రోజుకు ఎనిమిది కుదరదు, ఆరే ఇస్తానని చెప్పి వచ్చాడు. ఎందుకని అడిగితే, మా లెక్క తప్పన్నాడట. నా తల వంగింది. ఏది జరగకూడదని ఆయన అంత చేశారో అది ఒక్క పూటలో జరిగిపోయింది, నాకేమీ కాలేదు. అన్నం తింటున్నాను, ఉద్యోగానికి పోతున్నాను. మొదటి రోజే నా లెక్క తప్పని తేలి ఉంటే, ఆ చిన్న అవమానంతో పోయేది, ఆయన ఇవాళ ఉండేవారేమో.

పోయిన ఆదివారం పాత సీడీ వెతికి ఆ మోడల్ తెరిచాను. ఫిట్టింగ్ అని ఉన్న గడిలో యాభై అయిదు తీసేసి డెబ్బై అయిదు వేశాను. నడిపించాను. మొదటి రోజు ముగిసేసరికి బల్ల ముందు ఒక మిషను మిగిలింది. వారానికి తొమ్మిదో పదో. బిగించాల్సిన మిషన్లను చూపే చిన్న చిన్న చదరాలు ఒకదాని వెనక ఒకటి వరుస కట్టి, రేకు కోసే చోటు దాటి, నేను గీసిన షెడ్డు గోడ దాటి, తెర అంచు దాకా పోయాయి. బల్ల దగ్గర ఫిట్టర్ బొమ్మ ఒకటి ఉంటుంది. పని చేస్తున్నంతసేపు పచ్చగా, ఖాళీ దొరికితే తెల్లగా మారేలా దాన్ని అప్పట్లో నేనే పెట్టాను. తెర మీద నెల అయిపోయింది. మళ్లీ ఇంకో నెల నడిపించాను, ఇంకోటి. ఒక్కసారైనా తెల్లబడుతుందేమోనని పొద్దు వాలేదాకా చూస్తూ కూర్చున్నాను. బొమ్మ పచ్చగానే ఉంది.